ఒక్క ఆదివారం, నలుగురం. ఎక్కడికెళ్తే అలిసిపోకుండా తిరిగొస్తాం?

నిషికసాయి బ్యాచ్:
అందరికీ నమస్తే. టోక్యోలో నిషి-కసాయిలో ఉంటాం, నలుగురు ఫ్రెండ్స్‌మి, ముగ్గురం ఒకే ఫ్లాట్, నాలుగోవాడు పక్క సందు. పోయిన నెల ఎవరో పంపిన ఎక్సెల్ షీటు పట్టుకుని హకోనే వెళ్లాం. పొద్దున ఐదింటికి లేచి రైలు, కొండరైలు, కేబుల్ కారు, రోప్‌వే, ఓవాకుదానిలో గంధకం కంపు మధ్య క్యూలో నిలబడి నల్లగుడ్లు, అక్కణ్ణుంచి పరుగు పరుగున ఆషి సరస్సులో ఓడ, మళ్లీ బస్సు. ఆ నల్లగుడ్డు ఒక్కటి తింటే ఏడేళ్ల ఆయుష్షు పెరుగుతుందట, మాకు మాత్రం ఆ తిరుగుడుకి పదేళ్లు తగ్గింది. సోమవారం ఆఫీసులో కూర్చుంటే పిక్కలు పట్టేసి లేవలేకపోయాం.

ఈసారి వచ్చే ఆదివారం నిజంగా రెస్టు కావాలి. ఒకడు శాకాహారి, గుడ్డు కూడా ముట్టడు (హకోనేలో మేం తింటుంటే ఫోటోలు తీశాడు పాపం). ఒకడికి ఎడం మోకాలు బాలేదు. కారు లేదు. మనిషికి ఐదారు వేల యెన్లు దాటకూడదు. అందరూ కామకురా (సముద్రం పక్కన పాత గుళ్ల ఊరు) అంటున్నారు, నిజంగా ప్రశాంతంగా ఉంటుందా?

కరీంనగర్ పోరగాడు:
కామకురా వద్దు అన్నా, తకావో కొండకు పోండ్రి. 599 మీటర్లే, షింజుకు నుంచి కేయో లైన్ ఎక్కితే గంటలోపు కొండ కాడ దిగుతరు, టికెట్టు ఐదొందల లోపే. మోకాలు నొప్పి ఉన్నాయనను కేబుల్ కారులో కూసోబెట్టండి, జపాన్‌లో దానికన్నా నిటారుగా ఎక్కే కేబుల్ కారు లేదు, ఒకచోట 31 డిగ్రీలు దాటుతది, వెనక్కి పడిపోతమేమో అనిపిస్తది. జనవరిల ఆకాశం తేటగా ఉంటది కాబట్టి పైనుంచి ఫూజీ కనపడే ఛాన్స్ ఎక్కువ. అసలు మజా దిగినంక ఉన్నది. స్టేషన్ పక్కనే ఓన్‌సెన్, బయట చలి, మెడ దాకా వేడినీళ్లు. వారం రోజుల ఆఫీసు మొత్తం కరిగిపోతది.

ఒక్కటి చెప్తున్న, అక్కడ తొరొరో సోబా ఫేమస్, మీ శాకాహారి ఆయన చూడనీకి ఉత్త నూడుల్స్ అనుకుంటడు, కానీ రసంలో చేప ఉంటది. ఆయనకు డబ్బా కట్టుకపోండ్రి.

నిషికసాయి బ్యాచ్:
థాంక్స్ బ్రో. ఓన్‌సెన్ అంటే మొత్తం బట్టలు విప్పాల్సిందేనా? నలుగురం ఏడాదిన్నరగా కలిసి తిరుగుతున్నాం, రేపు పొద్దున మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. పైగా మాలో ఒకడికి భుజం మీద వెంకన్న నామాల టాటూ ఉంది.

కరీంనగర్ పోరగాడు:
మొత్తం విప్పుడే. చేతిలో చిన్న టవల్ ఇస్తరు, అదీ నీళ్లల్ల ముంచొద్దు, మడిచి నెత్తి మీద పెట్టుకోవాలె. నాకు మొదటిసారి పది నిమిషాలు సిగ్గయింది, తర్వాత చూస్తే ఎవడూ ఎవణ్ణీ చూస్తలేడు. టాటూ ఉంటే మాత్రం కష్టం, చాలా చోట్ల లోపలికి రానియ్యరు.

యోకొహామా అక్క:
పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నా తమ్ముడూ. కామకురా చాలా బాగుంటుంది, మంగళవారం నాడు. ఆదివారం ఎనోదెన్ రైలు కోసం నిలబడ్డమే ఒక పెద్ద పని, ఇక పెద్ద బుద్ధుడు, హసెదెరా, హచిమన్ గుడి, కొమాచి వీధి అని మొదలెడితే మీ హకోనే మళ్లీ మొదటికొస్తుంది. నేనైతే కామకురా ఊసే ఎత్తకుండా ఒక్క ఎనోషిమాకి వెళ్లమంటాను. వంతెన మీద నడిచి వెళ్లే చిన్న దీవి, అంతే.

టోక్యో స్టేషన్‌లో తోకాయ్‌దో లైన్ ఎక్కితే 50 నిమిషాలకి ఫుజిసావా, అక్కడ ఒదాక్యు రైలుకి మారితే ఏడెనిమిది నిమిషాల్లో కతాసె-ఎనోషిమా. ఆ స్టేషన్ చూసి గుడి అనుకునేరు, సముద్రం అడుగున ఉండే నాగరాజు కోటలా కట్టారు, లోపల జెల్లీఫిష్ తొట్టి కూడా ఉంది. రానూపోనూ మనిషికి మూడు వేల లోపే అవుతుంది. ఇంకో వెయ్యి పెట్టగలిగితే వెళ్లేటప్పుడు గ్రీన్ కారు (అదే రైల్లో ఎక్కువ టికెట్టు పెట్టె) తీసుకోండి, సీటు ముందు చిన్న బల్ల ఉంటుంది, డబ్బా విప్పి తిన్నా ఎవరూ అదోలా చూడరు. మామూలు పెట్టెలో పులిహోర విప్పొద్దు, ఇంగువ వాసనకి పెట్టెడు జనం తల తిప్పుతారు, నా అనుభవం.

మోకాలు గురించి భయపడక్కర్లేదు. దీవి మీదకి ఎస్కలేటర్ ఉంది, ఎస్కా అంటారు, 1959 నుంచీ ఉంది. టికెట్టు కొనాలి, పైకి మాత్రమే వెళుతుంది, దిగడానికి లేదు. దిగేటప్పుడు మెట్లే, అది ముందే లెక్క వేసుకోండి. వాతావరణం బాగుంటే శని ఆదివారాల్లో దీవి అవతలి కొస నుంచి వంతెన దగ్గరికి చిన్న బోటు నడుపుతారు.

అక్కడి అమ్మవారు బెంజాయ్‌తెన్. మన సరస్వతే, బౌద్ధం వెంట ఇంత దూరం వచ్చింది. ఎనిమిది చేతుల విగ్రహం ఒకటి, బివా అనే వాయిద్యం పట్టుకున్నది ఇంకొకటి. మా అత్తగారు వచ్చినప్పుడు తీసుకెళ్లాను, ఆవిడకి నేనేం చెప్పలేదు, బివా చూసి "వీణ కదే" అని దణ్ణం పెట్టేశారు. రెండో విగ్రహానికి ఒంటి మీద బట్టల్లేవని గమనించి వెంటనే నా వైపు తిరిగి ఇది ఇంట్లో ఎవరికీ చెప్పకు అన్నారు.

కోనసీమ కుర్రోడు:
అక్క చెప్పింది కరెక్టు. మాంసాహారులకి నాదో మాట, అక్కడ షిరాసు అని అన్నం మీద తెల్లటి చిన్న చేపపిల్లలు వేసిస్తారు. మా గోదారి చీరమీను గుర్తొచ్చి నాకు మొదటిసారి కళ్లంట నీళ్లొచ్చినంత పనయింది, మసాలా లేదు, చింతపండు లేదు, అయినా అదే జాతి రుచి. పచ్చి షిరాసు ఇప్పుడు దొరకదు, జనవరి నుంచి మార్చి 10 వరకు ఆ తీరంలో వేట ఆపేస్తారు. ఉడికించింది తినండి, మనకి అదే మేలు.

ఇంకోటి. గద్దలు. నవ్వకండి, నేను సీరియస్‌గా చెబుతున్నాను. ఆరుబయట చేతిలో తినేది పట్టుకుంటే వెనక నుంచి వచ్చి తన్నుకుపోతాయి. గోడకి వీపు ఆనించి తినండి.

ఊరికే చదివేవాడు:
అందరూ దూరాలు చెబుతున్నారు. నిషి-కసాయిలో ఉండి రెస్టు కోసం రెండు గంటలు రైలెక్కడం ఏంటసలు? మీ ఇంటి దగ్గరే కసాయి రింకాయ్ పార్కు ఉంది. బస్సెక్కితే సముద్రం. పార్కు ఫ్రీ, 117 మీటర్ల జెయింట్ వీల్ ఉంది, చేపల మ్యూజియంలో ట్యూనాలు గుండ్రంగా తిరుగుతుంటాయి, గంట సేపు చూస్తూ కూర్చోవచ్చు. చాప తీసుకెళ్లి పడుకోండి. మీకు కావాల్సింది రెస్టా, ఫోటోలా, ముందు అది తేల్చుకోండి.

యోకొహామా అక్క:
ఆ పార్కు బావుంటుంది, కాదనను. కానీ ఇంటి పక్కకి వెళ్తే బట్టలు ఉతకాలనీ, రేపటి మీటింగనీ మధ్యాహ్నానికే లేచి వచ్చేస్తారు. ఒక గంట రైలు ప్రయాణం ఉంటేనే బుర్ర ఊరు దాటుతుంది.

నిషికసాయి బ్యాచ్:
ఆలస్యంగా రాస్తున్నా, సారీ. ఎనోషిమా వెళ్లొచ్చాం. పదింటికి బయల్దేరాం, అలారం పెట్టలేదు. గ్రీన్ కారులో పులిహోర, గారెలు, మన శాకాహారే పొద్దున్నే లేచి చేశాడు. ఎస్కా ఎక్కాం, అమ్మవారి దగ్గర చిల్లర వేసి చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టుకున్నాం, బివా చూశాం. గాలి ఎక్కువగా ఉందని బోటు ఆపేశారు, అంటే అవతలి కొసకి వెళ్తే ఆ మెట్లన్నీ మళ్లీ ఎక్కి రావాలి. మోకాలువాడు మీరు గుహలు చూసి రండిరా, నేనిక్కడ కూర్చుంటా అన్నాడు. అందరం ఒకరి మొహాలొకరు చూసుకుని వాడి పక్కనే బెంచీ మీద కూలబడ్డాం. ఒక పిల్లి వచ్చి వాడి కాళ్ల దగ్గర పడుకుంది. రెండున్నర గంటలు! ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు, ఇంటర్‌లో హాస్టల్ పప్పు గురించి చాలాసేపు నడిచింది. గుహలు చూడలేదు, పైనున్న టవరూ ఎక్కలేదు. ఐదింటికి ఒడ్డుకొచ్చేసరికి ఎర్రటి ఆకాశంలో ఫూజీ నల్లగా నిలబడి ఉంది, ఇసకలో జనం కూడా కబుర్లు ఆపేసి అటే చూస్తున్నారు.

షిరాసు అన్నం బాగుంది, కోనసీమ బ్రో, కాకపోతే మేం నిమ్మకాయ పచ్చడి కలిపాం, షాపు పెద్దావిడ చూడకుండా. తిన్న చెత్తంతా వేద్దామంటే ఎక్కడా డబ్బా లేదు, కవర్లో కట్టి ఇంటికి మోసుకొచ్చాం.

గద్ద విషయం నమ్మనందుకు క్షమించు. చివరి గారె పట్టుకుని సెల్ఫీ తీసుకుంటున్నాను, చెంప మీద రెక్క తగిలింది, గారె లేదు. వీడియోలో నా అరుపు మాత్రం వచ్చింది. వండినవాడు ఇప్పటికీ, నా గారె గద్దక్కూడా నచ్చిందని ఆఫీసంతా చెప్పుకుంటున్నాడు.

వచ్చే నెల తకావో అనుకుంటున్నాం. నామాల మీద ప్లాస్టర్ అంటిస్తే రానిస్తారా?

కరీంనగర్ పోరగాడు:
చిన్న టాటూ అయితే కొన్ని చోట్ల ఒప్పుకుంటరు అన్నా, పోయే ముందు ఫోన్ చేసి అడుగుండ్రి. నామాలు ఎంత పెద్దగున్నయ్?

నిషికసాయి బ్యాచ్:
భుజం నుంచి మోచేయి దాకా.

కరీంనగర్ పోరగాడు:
అయితే ఆయనను కేబుల్ కారు కాడ సామాన్ల కాపలా పెట్టుండ్రి.