రోజూ పాలు తాగుతూ, నడుస్తున్నా అమ్మ ఎముకలు ఎందుకు పలచబడ్డాయి?

ప్రశ్న:
అమ్మకి 56 ఏళ్లు. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీయిస్తే వెన్నుపూసల దగ్గర టీ-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 1.9 వచ్చింది, ఆస్టియోపీనియా, అంటే ఎముకలు కాస్త పలచబడ్డాయి అన్నారు. రెండు పూటలా పాలు తాగుతుంది, పొద్దున్నే ముప్పావుగంట నడుస్తుంది, ఒక్కరోజు కూడా మానదు. ఇంకేం చేయాలి? ఆ రిపోర్టు చూసినప్పటి నుంచి మెట్లు దిగాలన్నా భయపడుతోంది, నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ఇందులో అమ్మగారి తప్పేం లేదండీ. ముట్లు ఆగాక ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోతుంది, దాంతో పాత ఎముకని కరిగించే కణాలు జోరందుకుంటాయి, కొత్తది కట్టే కణాలు ఆ వేగాన్ని అందుకోలేవు. మొదటి కొన్నేళ్లలోనే నష్టం ఎక్కువ. టీ-స్కోరు మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు తేలిగ్గా విరిగేంత పలచబడటం) అంటారు, ఆవిడ ఇంకా అక్కడికి రాలేదు.

జవాబు 2:
నడక మానొద్దు, కానీ అదొక్కటే చాలదు. రోజూ పడే బరువుకి ఎముక అలవాటు పడిపోతుంది, అంతకు మించి పడితేనే గట్టిపడుతుంది. టెన్నిస్ ఆటగాళ్లని చూడండి, రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే దృఢంగా ఉంటుంది, తిండి మాత్రం రెండు చేతులకీ ఒకటే కదా! అందుకే వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టించండి, తెలిసినవాళ్ల దగ్గర, తక్కువ బరువుతో, మెల్లగా పెంచుకుంటూ. ఈత, సైకిల్ గుండెకి మంచివే గానీ ఎముకకి పెద్దగా పనికిరావు. నడుము వంచి బరువులు లేపడం మాత్రం వద్దు, వెన్నుపూస మీద ఒత్తిడి పడుతుంది. పట్టుకోడానికి ఏదైనా దగ్గర పెట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం కూడా నేర్పించండి. తుంటి ఎముక ఎక్కువగా విరిగేది కింద పడటం వల్లే, భయంతో కదలడం మానేస్తే కాళ్లలో బలం తగ్గి ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

జవాబు 3:
తిండి సంగతి. 50 దాటిన ఆడవాళ్లకి రోజుకి దాదాపు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలంటారు, పెద్ద గ్లాసు పాలలో ఉండేది 300 దాకా. మిగతాది పెరుగు, నువ్వులు, ఆకుకూరల నుంచి రావాలి. పాలకూరని మాత్రం లెక్కలో వేసుకోకండి, అందులోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. మాత్రలు వాడాల్సి వస్తే ఒకేసారి 500 మించకుండా విడగొట్టి వేసుకోవాలి. ప్రొటీన్ తగ్గనివ్వొద్దు. విటమిన్ డి ఒకసారి పరీక్ష చేయించారా? అది తక్కువైతే ఎంత కాల్షియం తిన్నా సరిగ్గా ఒంటబట్టదు.

ప్రశ్న అడిగినవారు:
విటమిన్ డి చేయించలేదండీ, ఈ వారమే చేయిస్తాను. రాకెట్ చేతి సంగతి చదివి వినిపిస్తే అమ్మ తన రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. బరువులు ఎప్పటి నుంచి అని తనే అడుగుతోంది.