డ్రోన్స్ క్లబ్‌కు తెలుగు పేరు: సోమరులా, పోతుటీగలా?

ఆంగ్ల రచయిత వుడ్‌హౌస్ హాస్యకథల్లోని డ్రోన్స్ క్లబ్‌ను తెలుగులో ‘సోమరుల సంఘం’ అనవచ్చునని ఒక మిత్రులు సూచించారు. అర్థం దగ్గరలోనే ఉన్నది గాని, అందులోని తమాషా జారిపోయింది.

లండన్‌లో పికడిల్లీ నుంచి చీలే డోవర్ వీధిలో ఈ క్లబ్ ఉన్నట్టు రచయిత కల్పించారు. బెర్టీ వూస్టర్ వంటి సభ్యులు ఉద్యోగం సద్యోగం లేకుండా, పెద్దలిచ్చిన సొమ్ముతో పొద్దుపుచ్చే కుర్రకారు. డ్రోన్ అంటే తేనెపట్టులోని మగ ఈగ. అది పుప్పొడి తేదు, దానికి కొండి ఉండదు, కూలి ఈగలు కూడబెట్టిన తేనె తాగి బతుకుతుంది, చలికాలం ముంచుకొచ్చే వేళకు ఆ కూలి ఈగలే దాన్ని బయటికి గెంటేస్తాయి.

మన పాఠకునికి డ్రోన్ అనగానే చేనుకు మందు కొట్టే యంత్రమో, పెళ్లి వీడియో తీసే యంత్రమో మెదులుతుంది. పైలట్ లేని విమానానికి ఆ పేరు స్థిరపడింది 1930లలో. అప్పటికే ఈ క్లబ్ కథల్లోకి వచ్చేసింది. కనుక పేరును యథాతథంగా ఉంచితే తప్పుదారి పట్టిస్తుంది.

మగ తేనెటీగకు మనకు ‘పోతుటీగ’ అనే చక్కని మాట ఉన్నది. దున్నపోతు, మేకపోతులలో మగ జంతువును తెలిపే ‘పోతు’ సోమరిపోతు, తిండిపోతులలోనూ వినిపిస్తుంది (ఆడవారినీ సోమరిపోతు అనే అంటాం, అది వేరే ముచ్చట). ‘పోతుటీగల క్లబ్’ అన్నామంటే, ఈగ పేరులోనే సోమరితనం చెవిన పడుతుంది.

పైగా కదలకుండా పడి ఉండేవాణ్ణి సోమరి అంటాం. వీరు అలాంటివారు కారు. క్లబ్‌లోని ఈతకొలనుపై వేలాడే రింగులను పట్టుకొని దాటలేవని మిత్రుడు టప్పీ గ్లాసప్ పందెం కాస్తే, బెర్టీ సాయంకాలపు విందు దుస్తులతోనే దాటబోయాడు. చివరి రింగును టప్పీ ముందే వెనక్కి కట్టివేసి ఉంచడంతో, నీళ్లలో పడక తప్పలేదు. ఇంత శ్రమ సోమరి పడడు. పనికిరాని పనికి ఝుమ్మని తిరిగే పోతుటీగే పడుతుంది.

ఇక ‘సంఘం’ అంటే చేనేత కార్మికుల సంఘమో, పొదుపు సంఘమో గుర్తుకొస్తుంది. పేకాట వాసన తగిలే ‘క్లబ్’ను అలాగే ఉంచడం మేలని నా అభిప్రాయం.