మలక్కా జలసంధిలో పెద్ద ట్యాంకర్లు పోటు టైమ్ ఎక్కడి లెక్కతో చూసుకుంటాయి?

నౌకల గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి, నాకు లెక్క తేలట్లేదు. మలక్కా, సింగపూర్ జలసంధుల్లో 15 మీటర్లు, అంతకన్నా ఎక్కువ డ్రాఫ్ట్ (నీళ్లలో మునిగే లోతు) ఉన్న ఓడల అడుగున ఎప్పుడూ కనీసం 3.5 మీటర్ల నీళ్లు మిగలాలని రూల్ ఉంది కదా. నిండా లోడైన ఆయిల్ ట్యాంకర్ 20.5 మీటర్లు మునుగుతుందనుకుందాం, అంటే 24 మీటర్లు కావాలి. కానీ చార్ట్‌లో కొన్నిచోట్ల లోతు 23 దరిదాపుల్లోనే ఉంది. చార్ట్‌లో వేసేది నీళ్లు బాగా తగ్గినప్పటి లోతు కాబట్టి మిగతాది పోటు నుంచే రావాలి, ఇంతవరకు ఓకే.

అసలు చిక్కు ఇక్కడే. దారి మొత్తం 800 కిలోమీటర్ల పైనే, 12 నాట్స్‌తో (గంటకి దాదాపు 22 కిలోమీటర్లు) వెళ్తే 36 గంటలు దాటుతుంది, ఈలోగా పోటు రెండు మూడుసార్లు వచ్చి పోతుంది. పోర్ట్ క్లాంగ్ (మలేషియా రేవు), సింగపూర్ టైడ్ టేబుల్స్ (పోటుపాట్ల టైమ్ పట్టికలు) పక్కపక్కన పెట్టి చూశా, పోర్ట్ క్లాంగ్ వైపున్న వన్ ఫాథమ్ బ్యాంక్ అనే మిట్ట (లోతు తక్కువ చోటు) దగ్గర పోటుకి సరిపెడితే సింగపూర్ దగ్గరి ఇరుకు దారి ఫిలిప్ ఛానల్‌కి వచ్చేసరికి నీళ్లు తగ్గిపోతున్నాయి, స్పీడ్ మార్చి చూద్దామంటే ఆ రెండు చోట్లా 12 నాట్స్ మించకూడదట. ఇండోనేషియాలోని లోంబోక్ జలసంధి వైపు లోతుకి కొదవలేదు గానీ అది బాగా చుట్టు, అందుకే చాలామంది ఇటే వస్తారు.

మరి ప్లాన్ వేసేటప్పుడు ఏ మిట్ట దగ్గరి పోటుని ఆధారంగా పెట్టుకుని, మిగతా చోట్లకి టైమ్ ఎలా సర్దుతారు?