రాఫ్ 'లెనోరె' సింఫొనీలో చివరి భాగాన్ని ఎలా వినాలి?

అనంతపురం శ్రోత:

సభ్యులందరికీ నమస్కారం. నలభై ఏళ్లుగా కర్ణాటక సంగీత కచేరీలు వింటున్నాను. పాశ్చాత్య సంగీతంలో బీథోవెన్, చైకోవ్‌స్కీల సింఫొనీలు (పెద్ద వాద్యబృందం కోసం కొన్ని భాగాలుగా కూర్చిన రచనలు) కొన్ని తప్ప నాకు పరిచయం లేదు. గత నెలలో ఒక రాత్రి కరెంటు పోయి, డాబా మీద పడుకుని ఫోనులో ఏదో వింటూ ఉండగా, అది అయిపోగానే యూట్యూబు తనంతట తానే మరొకటి మొదలుపెట్టింది. ఎక్కడో దూరాన వినీ వినిపించనట్టు మొదలైన కవాతు బాణీ ఒకటి మెల్లమెల్లగా దగ్గరై, మా వీధిలోంచే దండు నడిచిపోతున్నంత బలంగా మోగింది. నడుమ ఒక్కసారిగా కలవరం, వయొలిన్ల ఆక్రోశం. మళ్లీ అదే కవాతు వచ్చి, దూరమై దూరమై చెవికి అందకుండా పోయింది. పేరు చూస్తే యోఆఖిమ్ రాఫ్, అయిదవ సింఫొనీ, 'లెనోరె', 1872 అని ఉంది. ఆ పేరు నేనెన్నడూ వినలేదు.

మరునాడు మొదటి నుంచి మొత్తం విన్నాను. మూడు భాగాలు మనసుకు పట్టాయి గాని నాలుగవ దాని దగ్గర దారి తప్పాను. ముందు విన్న స్వరాలే తునకలుగా తిరిగి వస్తాయి, గుర్రం పరుగు వంటి లయ ఆగకుండా సాగుతుంది, అంతా కూలిపోయాక ప్రార్థనాగీతం వంటి నెమ్మదితో ముగుస్తుంది. దీనిని ఎలా వినాలి? ఇంతటి రచన చేసినవాడి పేరు ఎందుకు మరుగున పడింది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కడప వయొలిన్:

నమస్కారమండీ. మీరు దారి తప్పడానికి కారణం ఒక్కటే: కథ తెలియకుండా విన్నారు. మన పల్లెల్లో హరికథకు కూర్చున్నవారికి సీత ఏమవుతుందో ముందే తెలుసు. తెలుసు కాబట్టే దాసుగారు ఏ పట్టున గొంతు తగ్గించారో, ఎక్కడ తాళం బిగించారో గమనించగలుగుతారు. రాఫ్ కాలపు జర్మన్ శ్రోతలకు బ్యూర్గర్ అనే జర్మన్ కవి 1773లో రాసిన 'లెనోరె' గాథ అలాగే నోటికి వచ్చు.

లెనోరె ప్రియుడు విల్‌హెల్మ్ ప్రాగ్ యుద్ధానికి వెళతాడు. సైన్యం తిరిగి వస్తుంది, అతడు రాడు. తల్లి ఎంత ఓదార్చినా వినక ఆమె దైవాన్ని నిందిస్తుంది. ఆ అర్ధరాత్రి గుర్రం డెక్కల చప్పుడు. విల్‌హెల్మే వచ్చి, పెళ్లి పడకకు పోదాం రమ్మని ఆమెను వెనుక ఎక్కించుకుంటాడు. తెల్లవారేసరికి గుర్రం ఆగేది శ్మశానంలో, రౌతు మిగిలేది ఎముకల గూడుగా.

రాఫ్ ఈ సింఫొనీ నాలుగు భాగాలను ప్రేమ, ఎడబాటు, మరణంలో కలయిక అని మూడు ఖండాలుగా విభజించాడు. మొదటి రెండు భాగాలలోని ప్రేమ బ్యూర్గర్ గాథలో దాదాపు లేదు, రాఫ్ దానిని కల్పించి ముందుంచాడు. నా దృష్టిలో ఇదే అతని ప్రతిభ. ఆ సుఖాన్ని మనం సావకాశంగా అనుభవించాం గనుకనే, చివరి భాగంలో ఆ స్వరాలు వికృతమై వచ్చినప్పుడు గుండె ఝల్లుమంటుంది. మీరు విన్న కవాతు విల్‌హెల్మ్ దండు. నడిమి కలవరం ప్రేమికుల వీడ్కోలు. చివరి భాగంలో తీగవాద్యాలు పట్టుకునే పరుగు లయను మాత్రం చెవి విడవకుండా వెంబడించండి, తక్కినవన్నీ దారిలో కనబడి మాయమయ్యే దృశ్యాలుగా వాటంతటవే అమరుతాయి. బ్యూర్గర్ గాథ భయంతో ముగుస్తుంది, రాఫ్ మాత్రం మేజరు స్వరాలలో, అంటే మన శంకరాభరణపు మెట్ల మీద, ఆమెకు శాంతినిచ్చాడు.

కర్నూలు పాఠకుడు:

కడప వారు చెప్పినదానికి, పేరు మరుగున పడిన సంగతి కొంత కలుపుతాను. రాఫ్ 1822లో స్విట్జర్లాండులోని లాఖెన్‌లో పుట్టాడు. బడిపంతులుగా ఉంటూ సొంతంగా సంగీతం నేర్చాడు. 1850 నుంచి 1856 వరకు జర్మనీలోని వైమార్‌లో ప్రసిద్ధ పియానో విద్వాంసుడు, స్వరకర్త లిస్ట్ వద్ద సహాయకుడిగా ఉండి, ఆయన రచనలను ఆర్కెస్ట్రాకు కూర్చడంలో తోడ్పడ్డాడు. అయినా 1854లో, లిస్ట్ వర్గానికే చెందిన ఒపెరా స్వరకర్త వాగ్నర్‌ను విమర్శిస్తూ పుస్తకం రాశాడు. ఆ రోజుల్లో జర్మనీ సంగీతలోకం లిస్ట్, వాగ్నర్‌ల కొత్త పంథా ఒకవైపు, పాత సంప్రదాయం మరొకవైపుగా రెండు శిబిరాలై చీలి ఉండగా, ఏ శిబిరానికీ పూర్తిగా చెందనివాడిని చనిపోయాక మోసేవారు ఎవరుంటారు? బతికి ఉండగా మాత్రం అతని సింఫొనీలు విస్తారంగా వాయించబడ్డాయి, 1878లో ఫ్రాంక్‌ఫర్ట్ హోఖ్ సంగీత విద్యాలయానికి మొదటి డైరెక్టరై పేరుమోసిన పియానో విదుషి క్లారా షూమన్‌ను అధ్యాపకురాలిగా తీసుకువచ్చాడు.

అయితే తప్పంతా శిబిరాలదే అనలేను. జీవనం కోసం రెండు వందలకు పైగా రచనలు అచ్చు వేయించాడు, వాటిలో తేలికవి చాలా ఉన్నాయి. వియన్నాలో బహుమతి పొందిన మొదటి సింఫొనీ కూడా గంటకు పైగా సాగి ఓపికను పరీక్షిస్తుంది. దానితో మొదలుపెట్టవద్దని నా మనవి. 'లెనోరె' తరువాత 1869 నాటి మూడవ సింఫొనీ, 'అడవిలో', వినండి.

రికార్డింగులలో బెర్నార్డ్ హెర్మన్ 1970లో లండన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాను నడిపిస్తూ చేసినది నిదానంగా, బరువుగా నడుస్తుంది. 'సైకో' సినిమాకు సంగీతం కూర్చినది ఆయనే, ఈ సింఫొనీపై ఆయనకున్న ప్రేమ ప్రతి వరుసలోనూ తెలుస్తుంది. మరో సంగీత నిర్వాహకుడు నీమే యార్వి రికార్డింగులో వేగం చాలా ఎక్కువ. మీ వంటి కొత్త శ్రోతకు హెర్మనే తగినవాడు.

అనంతపురం శ్రోత:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కథను కాగితం మీద రాసుకుని, హెర్మన్ రికార్డింగును నిన్న రాత్రి విన్నాను. ఆ పరుగు లయను పట్టుకున్నాక దారి తప్పలేదు. కవాతు తునక ఒకటి చివరి భాగంలో తొంగిచూసినప్పుడు, అది వస్తున్నది ఏ దండు నుంచో తెలిసి లేచి కూర్చున్నాను. ఒక్క చోట మాత్రం కడప వారితో నాకు భేదాభిప్రాయం: ఆ ముగింపులో నాకు శాంతి కన్నా, ఎవరో ఆమె తరఫున క్షమాపణ అడుగుతున్నట్టు వినిపించింది. 'అడవిలో' ఈ ఆదివారం వింటాను, విన్నాక ఇక్కడే రాస్తాను.