వ్యాసం బాగుంది, వాదన లేదంటున్నారు. ఏం మార్చాలి?

తెనాలి అమ్మ:
మా వాడు తొమ్మిదో తరగతి. బళ్ళో వ్యాసరచన పోటీకి "ప్రాథమిక విద్య మాతృభాషలోనే జరగాలా?" అని అంశం ఇచ్చారు. "మాతృభాష తల్లిపాల వంటిది" అని మొదలుపెట్టి, రాయలవారినీ బ్రౌన్ దొరనూ తలుచుకుని, "కనుక తెలుగును కాపాడుకుందాం" అని ముగించాడు. టీచరు "ఇందులో వాదన ఏదీ?" అని ఎర్ర ఇంకుతో రాసిచ్చారు. గట్టిగా ఉందనుకున్న పేరా ఇది: "2020లో హైకోర్టు కూడా తెలుగు మీడియం వైపే తీర్పు ఇచ్చింది. కాబట్టి ఇంగ్లిష్ మీడియం తప్పని రుజువైంది." ఇంకేం కావాలండీ?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, బాబు రాసింది పొగడ్త. తెలుగు గొప్పది కాదని ఎవరన్నారు? ఇంగ్లిష్ మీడియం అడిగే తండ్రి కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. ఆయన బెంగల్లా "రేపు ఇంజనీరింగులో అంతా ఇంగ్లిషే కదా, అప్పుడు నా పిల్ల ఏమైపోవాలి?" అని. రాయలవారు దానికి జవాబు చెప్పలేరు.

మీరు గట్టిదనుకున్న పేరాయే అన్నిటికన్నా బలహీనం. సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియమే ఉండాలంటూ 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 81, 85 జీవోలను 2020 ఏప్రిల్లో అక్కడి హైకోర్టు కొట్టేసిన మాట నిజమే. కానీ ఎందుకు? ఏ మాధ్యమంలో చదవాలో ఎంచుకునే వీలు లేకుండా చేశారని. ఇంగ్లిష్ మీడియం చెడ్డదని కాదు. 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు కూడా ప్రాథమిక తరగతుల్లో మాతృభాషను ప్రభుత్వం బలవంతంగా రుద్దకూడదంది. అంటే బాబు తెచ్చిన సాక్షి ఎదుటి పక్షానికీ సాక్ష్యం చెబుతాడు! "మాతృభాషలోనే" అని పట్టుబట్టినంతసేపూ ఆ తీర్పు వాడికి అడ్డమే.

అందుకని ముందు పక్షాన్ని ఒక్క వాక్యంలో రాయమనండి. "ప్రతి సర్కారు బడిలో ఐదో తరగతి దాకా తెలుగు మీడియం కూడా ఉండాలి" అన్నాడనుకోండి, కాదనేవాళ్ళు దొరుకుతారు, "అన్నిచోట్లా రెండేసి సెక్షన్లకు టీచర్లేరీ?" అని. వాదన అక్కడ పుడుతుంది. తీర్పు కూడా అప్పుడు వాడి వైపుకొస్తుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వాడుకోవచ్చు. కాకపోతే అందులో మాతృభాషలో బోధన "వీలైనంత వరకు" అనే ఉంది. ఆ ముక్క దాచిపెడితే ఎవడో ఒకడు పట్టుకుంటాడు.

"నాణేనికి రెండు వైపులుంటాయి" అని మాత్రం రాయనివ్వకండి. పేపర్లు దిద్దీ దిద్దీ ఆ వాక్యం చూస్తేనే ఒళ్ళు మండుతుంది నాకు.

హైదరాబాద్ శీను:
నేను ఏడు దాకా తెలుగు మీడియమే, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా. మాస్టారూ, నా కథ రాసుకోమనండి, పనికొస్తుంది.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
శీనూ, ఉదాహరణగా పనికొస్తుంది నాయనా, రుజువుగా రాదు. ఇంటర్లో ఇంగ్లిష్ పాఠాలు అర్థంకాక చదువు మానేసిన మీ క్లాస్‌మేట్ కథ ఇంకొకడు చెబితే ఏం చేస్తాం? మీరు ఎలా నెగ్గుకొచ్చారో చెప్పండి. ఇంగ్లిష్‌ను సబ్జెక్టుగా బాగా చెప్పిన టీచరు ఉన్నారా?

హైదరాబాద్ శీను:
ఉన్నారండీ. ఆరో తరగతి నుంచి రోజూ మా చేత ఇంగ్లిష్ పేపరు చదివించేవారు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
చూశారా అమ్మా, ఆ తండ్రి బెంగకు ఇదీ జవాబు. ఇంగ్లిష్ బాగా రావడం వేరు, లెక్కలూ సైన్సూ ఇంగ్లిష్‌లో చదవడం వేరు. బాబు ఈ రెండింటినీ కలిపేశాడు, చాలామంది పెద్దవాళ్ళూ కలిపేస్తారు. ముందు ఆ తండ్రి మాటను ఆయన చదివి "అవును, నేననేది ఇదే" అనేట్టు రాయించండి, ఎక్కడా వెటకారం వద్దు. ఆ కిందనే ఈ తేడా చూపించమనండి.

తెనాలి అమ్మ:
వాణ్ణి కూర్చోబెట్టి చదివించానండీ. తల్లిపాలు కొట్టేశాడు. బ్రౌన్ దొరను ఉంచుకోవచ్చా అంటున్నాడు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
ఆయన ఏ పాయింటును నిలబెడుతున్నాడో చెబితే ఉంచుకోమనండి.