పాట విని ఎవరిదో చెప్పడాన్ని ఏమనాలి? ‘పోల్చుకోవడం’ గురించి

ప్రశ్న: మా పిల్లలిద్దరినీ ఇంట్లోనే చదివించుకుంటున్నాం. శాస్త్రీయ సంగీతం వినిపిస్తూ, ఏ రచన ఎవరిదో వాళ్ళంతట వాళ్ళే చెప్పేలా చేయాలని ఒక నోట్‌బుక్ పెట్టాను. వారం వారం ఏం విన్నారో అందులో రాస్తున్నాం. ఆ పేజీ పైన ఏ శీర్షిక పెట్టాలో తేలడం లేదు. ‘గుర్తించడం’, ‘గుర్తుపట్టడం’, ‘గుర్తుంచుకోవడం’ మూడూ రాసి కొట్టేశాను. సరైన మాట చెప్పగలరా?

జవాబు: మీరు కొట్టేసిన మూడింటిలో ‘గుర్తుంచుకోవడం’ బొత్తిగా కుదరదు. అది జ్ఞాపకానికి సంబంధించిన మాట. ‘గుర్తించడం’ ఇప్పుడు ఆఫీసు భాషలోకి వెళ్ళిపోయింది: గుర్తింపు కార్డు, గుర్తింపు పొందిన సంస్థ. ‘గుర్తుపట్టడం’ బాగానే ఉంటుంది, తప్పేమీ లేదు. కానీ మీ పనికి అంతకంటే దగ్గరి మాట ఒకటుంది, ఈ మధ్య దాన్ని తక్కువగా వాడుతున్నాం. అదే ‘పోల్చుకోవడం’.

చాలా ఏళ్ళ తర్వాత కనిపించిన మనిషితో ‘నిన్ను పోల్చుకోలేకపోయాను, బాగా చిక్కిపోయావు’ అంటాం. ఫోన్‌లో ‘గొంతు బట్టి పోల్చుకున్నాను’ అంటాం. దూరం నుంచి వస్తున్న మనిషిని నడక బట్టి పోల్చుకుంటాం. ‘పోలు’ అంటే ఒకదానిలా ఉండటం. దాన్నుంచి ‘పోల్చు’, ‘పోలిక’. పక్కపక్కన పెట్టి చూడటానికీ, ఫలానా అని తెలుసుకోవడానికీ తెలుగులో ఒకే క్రియ ఉంది. పిల్లలకి సంగీతం వినడం నేర్పడంలో నాకు పనికొచ్చిన పద్ధతంతా ఈ ఒక్క మాటలోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

దీనికి తోడుగా ఇంకో మాట చెప్పుకోవాలి, ‘ఆనవాలు’. హనుమంతుడు సీతమ్మకి చూపించిన ఉంగరం ఆనవాలు. ఆమె తిరిగి పంపిన చూడామణీ ఆనవాలే. అంటే నమ్మకం కోసం చేతికిచ్చే వస్తువు. మన కృతుల్లో వాగ్గేయకారుడి ముద్ర, అంటే పాట కట్టినవాడు అది తనదని తెలిసేలా సాహిత్యంలో పెట్టే పేరు, సరిగ్గా అలాంటిది. త్యాగరాజస్వామి తన పేరే పెట్టుకున్నారు. ముత్తుస్వామి దీక్షితులు ‘గురుగుహ’ అన్నారు, శ్యామశాస్త్రి ‘శ్యామకృష్ణ’ అన్నారు. స్వాతి తిరునాళ్ ‘పద్మనాభ’ అని, అదే అర్థం వచ్చే ‘పంకజనాభ’ లాంటి పేర్లూ వాడారు. క్షేత్రయ్య పదమైతే ‘మువ్వగోపాల’ అని వినబడగానే తెలిసిపోతుంది. పిల్లలు ఇవి చకచకా పట్టేస్తారు. చరణం దాకా ఓపిగ్గా కూర్చుని, ముద్ర రాగానే గంతులేస్తారు. నేనూ వీటితోనే మొదలుపెట్టాను, మీరూ మొదలుపెట్టండి.

కానీ అక్కడే ఆగితే ఏమవుతుందో మా అమ్మాయి నాకు చూపించింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ‘రఘువంశ సుధాంబుధి’ వినిపించాను. చరణం చివర ‘శ్రీ వేంకటేశ’ అని వినబడిందో లేదో, ‘అన్నమయ్య!’ అని అరిచింది. ఆ కృతి పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్‌ది, ఆయన ముద్ర కూడా ‘వేంకటేశ’. అన్నమయ్య పరమపదించింది 1503లో, ఈయన పుట్టింది 1845లో. మధ్యలో మూడు వందల ఏళ్ళకు పైగా దూరం. కదనకుతూహల రాగం ఆయన కల్పించినదే. పాట ఎత్తుకోవడమే బ్యాండ్ మేళం కదిలినట్టు ఉంటుంది. ఆ నడకంతా దాని చెవిలో పడుతూనే ఉంది, కానీ అది వింటున్నది పేరు కోసం. తప్పు పూర్తిగా నాది. నేను దానికి ఆనవాళ్ళే ఇచ్చాను, పోలికలు చూపించలేదు.

తర్వాత పద్ధతి మార్చాను. కల్యాణి రాగంలో రెండు కృతులు తీసుకున్నాను: త్యాగరాజస్వామి ‘నిధి చాల సుఖమా’, దీక్షితులవారి ‘కమలాంబాం భజరే’. రెండూ వీణ మీద వాయించినవే వినిపించాను. మాటలు లేవు, కాబట్టి ముద్రా లేదు. రాగం ఒకటే కాబట్టి తేడా అంతా మనిషిదే. నాలుగు రోజులు ఈ రెండే. ఏం తేడా ఉందో నేను చెప్పలేదు. మూడో రోజు తనే అంది: ‘మొదటిది ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ వాయిస్తోంది, కానీ వాయించినప్పుడల్లా ఇంకాస్త పెద్దదవుతోంది. రెండోది మెల్లగా వెళ్తూ వెళ్తూ ఉన్నట్టుండి పరుగెత్తుతోంది.’ మొదటిదాన్ని పెద్దలు సంగతులు అంటారు, రెండోది మధ్యమకాల సాహిత్యం. ఆ పేర్లు దానికి అప్పుడు చెప్పాను. తను పట్టుకున్నదానికే పేరు పెట్టాను కాబట్టి ఇప్పటికీ మర్చిపోలేదు. శ్యామశాస్త్రిగారి ‘హిమాద్రిసుతే’ కూడా కల్యాణే. దాన్ని తర్వాత చేర్చాను. ముగ్గురినీ ఒకేసారి పెడితే పిల్లలు తికమకపడతారు.

పాశ్చాత్య సంగీతానికి వచ్చేసరికి ఈ మాట విలువ ఇంకా తెలుస్తుంది. సింఫనీలో, అంటే వాద్యబృందం కోసం రాసిన పెద్ద రచనలో, మామూలుగా సాహిత్యం ఉండదు, చివర్లో పేరు వినబడదు. పోలికే దిక్కు. బాక్ రచన అయితే ఒక గొంతు ఎత్తుకున్నదాన్ని రెండోది అందుకుంటుంది, అయినా మొదటిది ఆగదు. రెంటినీ వేళ్ళతో గాలిలో గీయమంటే పిల్లలు రెండు చేతులూ వాడతారు. బీథోవెన్ ఐదో సింఫనీ (1808లో మొదటిసారి వినిపించారు) నాలుగే స్వరాల ముక్కతో మొదలవుతుంది. అది ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్కపెట్టమనండి, లెక్క తప్పేదాకా వింటారు. హైడన్, మొత్సార్ట్‌లను మాత్రం మొదట్లోనే జతగా పెట్టకండి. ఆ ఇద్దరినీ పెద్దవాళ్ళే తరచుగా పొరబడతారు. బాక్ పక్కన బీథోవెన్‌ని పెట్టండి.

ఇంకొకటి. సాంసాన్స్ 1886లో జంతువుల మీద రాసిన రచనలో తాబేలు వచ్చే చోట, ఆఫెన్‌బాక్ హుషారైన కాన్‌కాన్ నాట్యపు ట్యూన్‌ని నత్తనడకన వాయిస్తారు. ముందు అసలుది రెండు రోజులు వినిపించి, తర్వాత తాబేలుది పెట్టాను. మావాడు చాలాసేపు ముఖం చిట్లించుకుని విన్నాడు, ఒక్కసారిగా ‘అదే ఇది!’ అన్నాడు. పోల్చుకోవడం అంటే ఏమిటో చూడాలంటే ఆ ముఖం చూడాలి.

ప్రశ్న: ‘పోల్చడం’ అనగానే ఇప్పుడందరికీ రెంటినీ సరిచూడటమే తడుతుంది కదా? పిల్లలకి కన్ఫ్యూజన్ రాదా?

జవాబు: వాక్యం చెప్పేస్తుందండీ. ‘దీన్ని దానితో పోల్చు’ అంటే సరిచూడమని. ‘దీన్ని పోల్చుకున్నావా?’ అంటే తెలిసిందా అని. ‘తో’ ఉందా, ‘కొను’ చేరిందా అన్నదే తేడా. మా ఇంట్లో మొదటిది చేస్తేనే రెండోది వస్తోంది, కాబట్టి రెండూ కలిసిపోయినా నాకు బెంగ లేదు.

ప్రశ్న: బాక్‌ని వాగ్గేయకారుడు అనొచ్చా?

జవాబు: నేను అనను. వాక్కు, గేయం రెండూ తనవే అయిన మనిషి వాగ్గేయకారుడు. సింఫనీలు, వాద్య రచనలు చేసినవాళ్ళకి ‘స్వరకర్త’ చాలు, కంపోజర్ అన్నా అందరికీ తెలుస్తుంది. ముద్ర మాత్రం బాక్‌కీ ఉందని చెప్పొచ్చు. జర్మన్ స్వరాల పేర్లలో బి, ఎ, సి, హెచ్ నాలుగూ ఉన్నాయి, వరసగా వాయిస్తే ఆయన పేరే. ఒక గొంతు ఎత్తుకున్నదాన్ని ఇంకోటి అందుకుంటూ సాగే రచనని ఫ్యూగ్ అంటారు; ఆయన ‘ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్’ చివరి ఫ్యూగ్‌లో ఆ నాలుగు స్వరాలూ వస్తాయి. మాటల్లేని ముద్ర! మా అమ్మాయి ఇది విని తన పేరు కూడా స్వరాల్లో కుదురుతుందా అని సాయంత్రమంతా ప్రయత్నించింది.

మొదట అడిగినవారు: శీర్షిక ‘పోలికలు’ అని పెట్టేశానండీ. పక్కన సన్నగా ‘ఆనవాళ్ళు’ అని రెండో గడి గీశాను. ఈ రోజు చిన్నవాడు ‘సంతతం పాహిమాం’ విన్నాడు. ‘గురుగుహ’ రాగానే ఆనవాళ్ళ గడిలో దీక్షితులు అని రాశాడు. పోలికల గడిలో ఏం రాయాలో తెలియక, ‘ట్యూన్ మాత్రం ఆయనలా లేదు, ఇంగ్లీషు వాళ్ళ పాటలా ఉంది’ అంటున్నాడు. తప్పని చెప్పాలా?

జవాబు: అయ్యో, తప్పనకండి! అది నోటుస్వరం. సాహిత్యం దీక్షితులవారిది, వరస ‘గాడ్ సేవ్ ది కింగ్’ది. రెండు గడుల్లోనూ వాడు సరిగ్గానే పోల్చుకున్నాడు. వాడు అన్నమాట ఉన్నదున్నట్టు రాయించండి.