మాటల్లేని సింఫనీలో భక్తి ఉంటుందా? మా చిన్నాన్న లేదంటున్నాడు

ఏటిగట్టు (పి.గన్నవరం):
మా చిన్నాన్నకీ నాకూ మొన్న పెద్ద వాదనైంది. ఎవరు గెలిచారో చెప్పమని కాదు గానీ, సంగీతం తెలిసినవాళ్లు ఏమంటారో వినాలని ఉంది.

సింఫనీ అంటే పెద్ద వాద్యబృందం కలిసి వాయించే పొడుగాటి రచన. జర్మన్ స్వరకర్త బేతోవెన్ రాసిన ఆరో సింఫనీని పాస్టోరల్, అంటే పల్లెపట్టుది, అంటారు. రాత్రి భోజనాలయ్యాక ఏటిగట్టు మీద కూర్చుని ఇయర్‌ఫోన్లలో విన్నాను. ఐదు భాగాలు, మొత్తం నలభై నిమిషాలు. పల్లెకి చేరడం, వాగు ఒడ్డు, ఊరివాళ్ల సందడి, గాలివాన, చివర్న అది వెలిశాక కృతజ్ఞతతో గొల్లపాట. వాగు ఒడ్డు భాగం ముగిసేముందు ఫ్లూటు, ఓబో, క్లారినెట్ మూడు పిట్టల్లా కూస్తాయి. క్లారినెట్‌ది కక్కూ పిట్ట, మన కోకిలకి చుట్టం. అంతవరకూ హాయిగానే ఉన్నాను. గాలివాన కూడా బాగుంది. అది తగ్గాక ఉరుము ఎక్కడో దూరంగా గొణుగుతుంది, ఫ్లూటు ఒక్కటే మెట్లెక్కినట్టు పైకి పోతుంది, మధ్యలో ఆగకుండానే క్లారినెట్ గొల్లపాట ఎత్తుకుంటుంది. అక్కడ ఏడుపొచ్చేసింది.

96 తుఫాను నాటికి నాకు తొమ్మిదేళ్లు. నవంబరు 6 రాత్రంతా మంచం కింద ఉన్నాం. తెల్లారాక నాన్న తలుపు తీసి గుమ్మంలో నిలబడి దండం పెట్టాడు. ఎదురుగా దేవుడి పటం లేదు, గుడి లేదు, రాత్రి వరకూ ఉన్న కొబ్బరితోట కూడా లేదు. ఆ దండమే ఈ పాటలో వినిపించింది నాకు.

ఇదంతా చెప్తే చిన్నాన్న, "సాహిత్యం లేని దాంట్లో భక్తేంట్రా? అంతమంది కలిసి ఒక్కసారి వాయిస్తే ఎవడి గుండైనా అదురుద్ది. జగ్గన్నతోట తీర్థంలో ప్రభల ముందు డప్పులకి అదరట్లేదా?" అన్నాడు.

వీణ టీచర్ (అమలాపురం):
రాగాలాపనలో సాహిత్యం ఎక్కడుందో చిన్నాన్నగారిని అడగండి. ఆలాపన తర్వాత లయ పట్టి వాయించే తానంలో ఎక్కడుంది? ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారి వీణ వింటూ "మాటలేవండీ" అని ఎవరూ అడగలేదు. కాబట్టి ఆయన వాదన మన సంగీతం దగ్గరే నిలవదు.

నా అభ్యంతరం వేరు. ఆ గొల్లపాటని మీరు చెప్పాక నేనూ విన్నాను. స్వరాలు శంకరాభరణంలో చక్కగా సరిపోతాయి. కానీ గాంధారం, అంటే "గ" స్వరం, దగ్గర ఒక్కసారి ఊగుతుందేమోనని చూశాను, ఊగలేదు. ఏ స్వరం మీదా నిలబడరు, దాటి వెళ్లిపోతూనే ఉంటారు. ఎవరు ఎప్పుడు ఏది వాయించాలో అంతా కాగితం మీద ముందే రాసి ఉంది. మన దగ్గర విద్వాంసుడు ఆ సాయంత్రం ఆ రాగంలో ఏం దొరికితే అది ఇస్తాడు, తనకే తెలీకుండా ఒక్కోసారి ఎక్కడికో వెళ్తాడు. ఇది గోపురం కొలతలు చూస్తున్నట్టుంది గానీ, గర్భగుడి ముందు నిలబడ్డట్టు లేదు.

బ్యాండు క్లారినెట్ (రావులపాలెం):
పాతికేళ్లుగా పెళ్లిళ్లకి వాయిస్తున్నానండి. కక్కూ పిట్ట మా వాయిద్యానికి ఇచ్చారంటే సంతోషం.

ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. వీడియో చూడండి. టింపనీలు, అంటే ఆ పెద్ద రాగి డోళ్లు, వాటి వెనకాల ఉన్న మనిషి మొదటి మూడు భాగాలూ చేతులు కట్టుకుని కూర్చుంటాడు. దగ్గరదగ్గర అరగంట. నాలుగో భాగంలో గాలివానకి మాత్రమే కర్రలెత్తుతాడు. ఐదులో మళ్లీ పనిలేదు. పికోలో అనే బుల్లి ఫ్లూటుదీ అదే సంగతి, ఆ గాలివానలో తప్ప ఎక్కడా ఉండదు. తీర్థంలో డప్పు మొదట్నుంచీ మోగుతూనే ఉంటుంది, దాని అదురు దానిది. ఇక్కడ అరగంటసేపు ఉరుముని దాచిపెట్టారు, అందుకే పడ్డప్పుడు అలా పడింది. మా మేళంలో డ్రమ్ము కుర్రాణ్ణి అరగంట ఊరికే కూర్చోమంటే పెళ్లివారు వాడి డబ్బులు కోసేస్తారు.

భక్తంటారా, వాయించేవాడికి అది ఉండదండి. తన వంతు ఎప్పుడొస్తుందో లెక్కపెట్టుకుంటూ, ఎక్కడ తప్పుతానోనని టెన్షన్‌తో ఉంటాడు. వినేవాడికి ఏమవుతుందో వినేవాడే చెప్పాలి.

నాలుగో గొంతు (నరసాపురం):
మా చర్చి క్వయర్‌లో నాది బేస్, నాలుగు గొంతుల్లో అన్నిటికన్నా కిందిది. ఇంట్లో నా లైను ఒక్కటే సాధన చేస్తుంటే మా ఆవిడ "అది పాటేనా?" అంటుంది. నిజమే, విడిగా అది పాట కాదు. ఆదివారం మిగతా మూడు గొంతులూ కలిశాకే నేను ఏం పాడుతున్నానో నాకే తెలుస్తుంది. టీచర్ గారు గమకం కోసం, అంటే స్వరం ఊగడం కోసం, వెతికారు. ఈ సంగీతంలో వెతకాల్సింది ఒక స్వరం లోపల కాదమ్మా, స్వరానికీ స్వరానికీ మధ్య.

చిన్నాన్నగారికి సాహిత్యం కావాలంటే 1824 నాటి తొమ్మిదో సింఫనీ ఉంది. నాలుగో భాగంలో పాడతారు. జర్మన్‌లో అనుకోండి.

కాట్రేనికోన:
ఇంతవరకూ ఊరుకున్నాను. ఏటిగట్టు గారూ, మీ నాన్నగారి దండం మీద నాకు గౌరవం ఉంది. కానీ మీది పి.గన్నవరం, మాది సముద్రం పక్క. 96లో మా బాబాయి వేటకి వెళ్లాడు, పడవా రాలేదు, మనిషీ రాలేదు. తెల్లారాక మాకు గొల్లపాట లేదు. చచ్చిన గొడ్ల కంపు, బియ్యం కోసం వరస. వెయ్యి మందికి పైగా పోయారు. గాలివాన వెలిసింది, అందరూ కృతజ్ఞతతో పాడుకున్నారు అంటే, అది ఇల్లు మిగిలినవాడి పాట. దాన్ని ఆధ్యాత్మికం అనకండి, నాకు మండుతుంది.

ఇంకోటి. నాలుగో భాగం పేరు గాలివాన అని ముందే చదివి విన్నారు కాబట్టి మీకు గాలివాన వినపడింది. పేరు చెప్పకుండా ఎవరికైనా వినిపించి చూడండి, వంటింట్లో గిన్నెలు పడ్డాయంటారు.

ఏటిగట్టు (పి.గన్నవరం):
మీ మొదటి మాటకి నా దగ్గర జవాబు లేదు. మాది పెంకుటిల్లు, నిలబడింది. అది మర్చిపోయి రాశాను.

రెండోది మాత్రం చేసి చూశాను. అమ్మకి ఏమీ చెప్పకుండా నిన్న మధ్యాహ్నం స్పీకర్లో పెట్టాను. వాగు ఒడ్డు దగ్గరే నిద్రపోయింది. నాలుగో భాగం రాగానే దిగ్గున లేచి "ఒరేయ్, బట్టలు తియ్యండి!" అంది. బయట ఎండ. నవ్వుకున్నాం. తర్వాత గొల్లపాట అయ్యేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఏమనిపించిందని నేను అడగలేదు.

బ్యాండు క్లారినెట్ (రావులపాలెం):
బట్టలు తియ్యమన్నారంటే ఆ టింపనీ ఆయన కష్టం ఫలించినట్టేనండి, ఆయ్.

వీణ టీచర్ (అమలాపురం):
ఇది నా వాదనకే అడ్డు, అయినా చెప్తాను. ఈ సింఫనీ 1808 డిసెంబరులో వియన్నాలో మొదటిసారి వాయించారు. అదే రాత్రి ఐదో సింఫనీ కూడా. చలికి గడ్డకట్టిన హాల్లో నాలుగు గంటల కచేరీ. అంతకి ఆరేళ్ల ముందే, 1802లో, బేతోవెన్ తన తమ్ముళ్లకి ఒక ఉత్తరం రాసి పంపకుండా దాచుకున్నాడు. పక్కనున్న మనిషికి దూరంగా పిల్లనగ్రోవి వినిపించింది, తనకి వినిపించలేదు. గొల్లవాడు పాడుతుంటే ఆ మనిషికి వినిపించింది, తనకి అదీ వినిపించలేదు. ఆ అవమానం భరించలేక చావాలనుకున్నానని అందులో ఉంది.

అంటే వినపడని గొల్లపాటని తర్వాత తనే రాసుకున్నాడు. కాట్రేనికోన తమ్ముడూ, అది అన్నీ మిగిలినవాడి పాటని అంత గట్టిగా అనకు. గాంధారం మాత్రం ఊగలేదు, ఆ మాట మీదే ఉన్నాను.

నాలుగో గొంతు (నరసాపురం):
కాట్రేనికోన గారూ, కృతజ్ఞత లేనిది కావాలంటే రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ ఆరో సింఫనీ వినండి. 1893 అక్టోబరులో తనే నిలబడి వాయింపించాడు, తొమ్మిది రోజులకి పోయాడు. సింఫనీ అంటే చివర్న ఆర్భాటంగా ముగించడం వాళ్లకి అలవాటు. ఇది అలా ముగియదు. అంతకన్నా చెప్పను.

కాట్రేనికోన:
విన్నాను. రెండు రోజులు పట్టింది, మొదటి భాగం దగ్గరే ఆపేశాను ఒకసారి.

మూడో భాగం ఊరేగింపులా రెచ్చిపోయి ముగిస్తే, రికార్డింగులో జనం చప్పట్లు కొట్టేశారు. నేనూ అయిపోయిందనుకుని టీ పెట్టుకుందామని లేచాను. అసలుది అప్పుడు మొదలైంది. చివర్లో లావు తీగల వాయిద్యాలు మాత్రం మిగిలి, తగ్గుతూ, తగ్గుతూ... ఛార్జింగ్ అయిపోయిందేమోనని ఫోన్ చూసుకున్నాను. ఇంకా నడుస్తోంది.

టీచర్ గారు చెప్పిన ఉత్తరం సంగతి నాకు తెలీదు, ఆ మండటం కొంచెం తగ్గింది. కానీ దీన్ని కూడా భక్తి అనను. మా పిన్ని ఇరవై ఏళ్లపాటు సాయంత్రం రేవు దాకా వెళ్లి, ఏమీ అడక్కుండా తిరిగి వచ్చేది. దానికి మా ఊళ్లో ఏ పేరూ పెట్టలేదు. ఆవిడకి ఇప్పుడు చెవి సరిగా వినపడదు. ఈ ఆదివారం వెళ్లి స్పీకరు దగ్గరగా పెట్టి, ఆ చివరి భాగం ఒక్కటీ వినిపిస్తాను. ఒప్పుకుంటేనే.